గాలి పీల్చినా ఒళ్ళొస్తుందా? బరువు ఆగిపోయిన పలాస టీచరు గారికి

అమ్మా, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీ వయసు 38, ఎత్తు 156 సెంటీమీటర్లు. సంక్రాంతి వెళ్ళాక చూసుకుంటే బరువు 74 కిలోలు. అప్పట్నుంచి పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కొలిచి పెట్టుకున్న అన్నం, రాత్రి రెండు పుల్కాలు, సాయంత్రం స్కూల్ గ్రౌండులో అరగంట నడక. మొదటి నెల నాలుగు కిలోలు తగ్గారు, రెండో నెల ఒక్క కిలో. ఆ తర్వాత ఆరు వారాలుగా 69 దగ్గర ముల్లు కదలట్లేదు. థైరాయిడ్ పరీక్ష నార్మల్. జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే మీ వారు మీకు రెట్టింపు తిని కూడా సన్నగా ఉంటారు. మీ అత్తగారేమో "దానికి గాలి పీల్చినా ఒళ్ళొస్తుంది" అంటున్నారు. మెటబాలిజం (ఒంట్లో శక్తి ఖర్చయ్యే తీరు) చచ్చిపోయిందా, తిండి ఇంకా తగ్గించాలా, కీటో (అన్నం, రొట్టె దాదాపు మానేసి కొవ్వు, మాంసం, గుడ్లు ఎక్కువగా తినే డైట్) మొదలుపెట్టాలా అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. మీ మెటబాలిజం చావలేదు. తిండి ఇంకా తగ్గించకండి. కీటో వద్దు, మీ ప్రాంతంలో ఉన్నవారికైతే మరీ వద్దు. విజయనగరంలో డైటీషియన్‌గా నేను చూసేవాళ్ళలో చాలామంది సరిగ్గా ఈ మూడో నెలలోనో నాలుగో నెలలోనో వస్తారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తాము మాత్రం నోరు కట్టుకుని, చివరికి మాట పడి వస్తారు. ఒంట్లో ఏం జరుగుతోందో వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు ఉండరు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మనం ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె, కాలేయం, మెదడు, మూత్రపిండాలు పనిచేస్తూనే ఉంటాయి. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవాళ్ళ రోజు శక్తి ఖర్చులో 60–70 శాతం వీటికే పోతుంది. మెదడు ఒక్కటే విశ్రాంతి ఖర్చులో ఐదో వంతు తీసుకుంటుంది. మీ ఎత్తు, బరువు, వయసులకి లెక్క కడితే ఈ విశ్రాంతి ఖర్చు రోజుకి సుమారు 1300 కేలరీలు వస్తుంది. తిన్నది అరిగించుకోవడానికి మొత్తంలో ఇంకో పదో వంతు పోతుంది. మిగిలింది కదలికలకి. అన్నీ కలిపి మీది 1800–1900 దగ్గర ఉండొచ్చు. బతికున్న మనిషికి ఈ ఖర్చు తప్పదు, కాబట్టి గాలి పీల్చి ఎవరూ ఒళ్ళు చేయరు. నలభై దగ్గర పడితే మెటబాలిజం పడిపోతుందన్న మాట కూడా నిలబడలేదు. 2021లో 6,400 మందికి పైగా మనుషుల కొలతలు కలిపి చూసిన అధ్యయనంలో, ఒంటి పరిమాణాన్ని బట్టి లెక్కేస్తే 20 ఏళ్ళ నుంచి 60 దాకా ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. ఆ వయసులో మారేవి కండ, కదలిక, నిద్ర.

ఇప్పుడు మీ మొదటి నెల సంగతి. ఆ నాలుగు కిలోలూ కొవ్వే అనుకున్నారు కాబట్టి తర్వాతది చూసి గుండె జారింది. మన కాలేయంలో, కండరాల్లో 400–500 గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నం తగ్గించగానే ఆ నిల్వ తరుగుతుంది, దాంతోపాటు నీళ్ళూ పోతాయి. అదీగాక మీరు బరువు చూసుకున్నది సంక్రాంతి అరిసెలు, జంతికలు, పులిహోరల తర్వాత. ఉప్పు ఎక్కువ తిన్న రోజుల్లో ఒళ్ళు నీళ్ళు పట్టి ఉంటుంది. కాబట్టి మొదటి నెల తగ్గినదాంట్లో ఒకటిన్నర, రెండు కిలోలు నీళ్ళే అయి ఉంటాయి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. నెలకి రెండు కిలోల కొవ్వు కరిగిందంటేనే రోజుకి 500 లోటు పడ్డట్టు. అది తక్కువేం కాదు. రెండో నెల ఒక్క కిలోనే అని బాధపడ్డారు గానీ, అది నిఖార్సయిన కిలో.

మరి ఆ తర్వాత ఎందుకు ఆగింది? అసలు విషయం ఇదే. మనం తినేది ఒక పక్క, ఖర్చయ్యేది ఒక పక్క, రెండూ వేరు వేరు అనుకుంటాం. శరీరం అలా ఊరుకోదు. ఒక పక్క తగ్గిస్తే రెండో పక్కని తనే సర్దుతుంది. బరువు తగ్గినకొద్దీ మోయాల్సిన ఒళ్ళు తగ్గుతుంది, అదే నడకకి ఖర్చు తగ్గుతుంది, తిండి తగ్గింది కాబట్టి అరుగుదల ఖర్చూ తగ్గుతుంది. దీనికితోడు కొవ్వు కణాల నుంచి మెదడుకి వెళ్ళే లెప్టిన్ అనే హార్మోను పడిపోతుంది. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టింది. లెప్టిన్ తగ్గితే మెదడుకి కరువొచ్చిందని కబురు అందినట్టే. అప్పుడది ఖర్చు కాస్త బిగిస్తుంది, ఆకలి బాగా పెంచుతుంది.

ఎంత బిగిస్తుంది, ఎంత పెంచుతుంది అన్నదానికి కొలతలున్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన అంచనా ప్రకారం, ఒక కిలో బరువు తగ్గితే రోజు ఖర్చు 20–30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం రోజుకి 100 కేలరీల దాకా పెరుగుతుంది. మీ ఐదు కిలోలకి వేసి చూడండి. ఖర్చు 100–150 తగ్గింది. ఆకలి 500 పెరిగింది. అందరూ మెటబాలిజం అని దేన్ని తిట్టుకుంటారో అది ఇక్కడ చిన్న భాగం, పెద్దది ఆకలి. మీకు పదకొండు గంటలకల్లా కడుపు కాలిపోతోందని, రాత్రి పడుకున్నాక తిండి గురించే ఆలోచన వస్తోందని రాశారు. అది నోటి చాపల్యం కాదమ్మా. మెల్‌బోర్న్‌లో 50 మందితో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల గట్టి డైటింగ్ అయిపోయిన ఏడాది తర్వాత కూడా ఆకలి హార్మోన్లు పూర్తిగా పాత స్థాయికి రాలేదు. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్ళు తమని తామే తిట్టుకుంటారో చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తిండి ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలపాటు రోజుకి సుమారు 1570 కేలరీలే పెట్టి చూశారు. బరువులో నాలుగో వంతు పోయింది. విశ్రాంతి ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. చలి, నీరసం, చిరాకు, పొద్దస్తమానం తిండి ధ్యాస. మళ్ళీ తిండి పెట్టడం మొదలయ్యాక చాలామందికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. మీకు వాళ్ళ పరిస్థితి రాదు, కానీ కడుపు మాడ్చుకున్నకొద్దీ ఒళ్ళు వెళ్ళే దారి అటే.

ఇప్పుడొక మాట, నొచ్చుకోకండి. 500 ఆకలి పెరిగినప్పుడు అందులో కొంత మనకి తెలియకుండానే లోపలికి వెళ్తుంది. 1992లో న్యూయార్క్‌లో ఒక పరీక్ష చేశారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదన్న పది మందిని తీసుకుని, తినింది రాసుకోమని, అసలు ఖర్చుని వేరే పద్ధతిలో కొలిచారు. అందరి మెటబాలిజం మామూలుగానే ఉంది. రాసుకున్నది మాత్రం నిజంగా తిన్నదానికి దాదాపు సగమే. వాళ్ళు అబద్ధాలాడారని నేను అనుకోను. ఇలాంటిదే ఇంకో అధ్యయనంలో డైటీషియన్లని కొలిస్తే, వాళ్ళూ రోజుకి 220 కేలరీల దాకా తక్కువ రాసుకున్నారు. తిండిని కంటితో కొలవడం మనిషికి చేతకాదు.

మన ఇళ్ళలో అది ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెబుతాను. మొదటిది నూనె. కేలరీల పట్టికలు పక్కన పెట్టి ఒక పని చేయండి. ఈసారి నూనె పాకెట్టు కత్తిరించినప్పుడు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. అయిపోయిన రోజున మళ్ళీ తేదీ చూడండి. లీటరు నూనె అంటే సుమారు 8,200 కేలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అవుతున్నాయంటే, ఒక్కొక్కరి వాటా రోజుకి 270 కేలరీలు. అన్నం గ్లాసుతో కొలిచేవాళ్ళు కూడా నూనె డబ్బా వంచి పోసేస్తారు. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, ఒక కప్పు అన్నంలో ఉండేదాంట్లో సగం పైనే. మీ అరగంట నడక ఖర్చు కూడా సుమారు అంతే, 100–120. వేపుడు రోజు బాండీ అడుగున మిగిలిన నూనెలో అన్నం కలుపుకుని తినే అలవాటు మన వైపు ఇళ్ళలో ఉందే, అక్కడ ఆ రోజు నడక పోయినట్టే. మీకూ ఆ అలవాటుంటే చూసుకోండి.

రెండోది మీ ఇంటికి ప్రత్యేకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే జీడిపప్పు ముక్కలు డబ్బాలో ఎప్పుడూ ఉంటాయని మీరే రాశారు. జీడిపప్పు మంచి తిండే, కాదనను. కానీ గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. వంట చేస్తూ నాలుగు, పిల్లలకి పెడుతూ నాలుగు వేసుకుంటే ఆ గుప్పెడు మీ లెక్కలోకే రాదు. డబ్బా పై అరలోకి ఎక్కించండి, తినాలనుకున్న రోజు గిన్నెలో వేసుకుని కూర్చుని తినండి. స్టాఫ్‌రూమ్ టీలు కూడా చూసుకోండి. రెండు చెంచాల పంచదారతో మూడు టీలంటే పంచదారే 120.

చోడి అంబలి గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద మనకి నమ్మకం ఎక్కువ. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే. పీచూ ఉంటుంది. అయితే తూకానికి తూకం చూస్తే కేలరీల్లో బియ్యానికీ చోళ్ళకీ పెద్ద తేడా లేదు. అంబలి తేలిక అనిపించేది నీళ్ళ వల్ల. 30 గ్రాముల పిండితో కాచిన అంబలిలో 100 కేలరీలు, రెండు మూడు గ్రాముల ప్రొటీను మాత్రమే ఉంటాయి. పొలం పనికి వెళ్ళే మన పెద్దవాళ్ళు అంబలి ఒక్కదానితో సరిపెట్టలేదు. చద్దన్నం ఉండేది, ఎండుచేప ఉండేది. మీరు అంబలి మాత్రం తాగి నాలుగు పీరియడ్లు పాఠం చెబుతున్నారు. పదకొండుకి కడుపు కాలకపోతేనే ఆశ్చర్యం. అంబలి మానకండి, దానికి రెండు ఉడికించిన గుడ్లు తోడు చేయండి. గుడ్డు తినని రోజు మొలకెత్తిన పెసలు, పెరుగు. రాత్రి పుల్కాలతో పలచటి కూర కాకుండా గట్టి పప్పో, తక్కువ నూనెతో చేసిన నెత్తళ్ళ పులుసో పెట్టుకోండి. ప్రొటీను కడుపు నిండినట్టు ఉంచుతుంది, కండని కాపాడుతుంది. దాన్ని అరిగించుకోవడానికే దాని శక్తిలో 20–30 శాతం ఖర్చవుతుంది, కొవ్వుకైతే మూడు శాతం కూడా కాదు. రోజుకి మొత్తం 60 గ్రాముల పైచిలుకు మీకు చాలు.

అయితే ఇది మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. మీ పుట్టిల్లు కవిటి వైపు అన్నారు. కవిటి, పలాసలు ఉన్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళని ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయటికి ఏమీ కనిపించకుండానే అది ముదురుతుంది. కిడ్నీ పనితీరు తగ్గి ఉన్న మనిషికి ఎక్కువ ప్రొటీను, డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడులు మంచివి కావు. కీటో వద్దన్నది ప్రధానంగా ఇందుకే. మోకాళ్ళు నొప్పులని నడక తర్వాత మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటుంటే అది కూడా ఆపండి. పరీక్షలు బాగుంటే నేను చెప్పిన గుడ్లు, పప్పు, చేప నిశ్చింతగా తినండి. తేడా ఉంటే తిండి సంగతి కిడ్నీ డాక్టరు గారితో మాట్లాడాకే.

ఇక మీ వారి సంగతి. 1999లో మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ 1000 కేలరీలు అదనంగా పెట్టింది. అందరూ తిన్నది ఒకటే అదనం, కానీ ఒకరికి అర కిలో కొవ్వు కూడా పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కిలోల పైన పెరిగింది. తేడా వ్యాయామంలో లేదు. లేవడం, నిలబడడం, అటూ ఇటూ తిరగడం, కాళ్ళు చేతులు ఆడించడం లాంటి లెక్కలోకి రాని కదలికల్లో ఉంది. తిండి పెరిగితే కొందరి ఒళ్ళు తనంతట తనే ఎక్కువ కదులుతుంది. మీ వారు షిఫ్టంతా కాళ్ళ మీదే ఉంటారు, పైగా మగవారికి కండ ఎక్కువ. ఆయనతో పోల్చుకోకండి. డైటింగ్‌లో మీకు జరిగేది దీనికి తలకిందులు. ఒళ్ళు గుట్టుగా కదలిక తగ్గిస్తుంది. ఇదివరకు నిలబడి పాఠం చెప్పేవారా, ఇప్పుడు కుర్చీ లాక్కుంటున్నారా? అంగడికి మీరు వెళ్ళేవారా, ఇప్పుడు పిల్లాణ్ణి పంపిస్తున్నారా? సాయంత్రం నడక అయ్యాక ఈసురోమని సోఫాలో కూలబడుతున్నారా? ఇవి చూసుకోండి. నడక అరగంటని గంట చేయడం కంటే, రోజంతా గంటకోసారి లేచి తిరగడం మీకు తేలిక. వారానికి రెండు రోజులు కండకి పని చెప్పండి: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోయడం, నీళ్ళ సీసాలు ఎత్తడం. తగ్గే బరువులో కండ పోకుండా ఉండాలంటే ఇది కావాలి.

ఇంకో మాట, ఆయన సన్నగా ఉన్నారని ధీమా వద్దు. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చూపే అంకె) ఒకటే, 22.3. కొవ్వు మాత్రం బ్రిటిష్ వైద్యుడికి 9.1 శాతం, మన వైద్యుడికి 21.2 శాతం. ఈ పోలిక 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మనవాళ్ళు సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకుంటారు. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ ఆదివారం టేపు పెట్టి ఇద్దరూ కొలుచుకోండి. ఆయనకి ఫాస్టింగ్ షుగర్ కూడా చేయించండి.

ఎంత కాలం పడుతుందని అడిగారు. కెవిన్ హాల్ బృందమే 2011లో ఇచ్చిన లెక్క నాకు బాగా నచ్చింది: రోజు తిండిలో శాశ్వతంగా 24 కేలరీలు మారితే చివరికి ఒక కిలో బరువు మారుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మొత్తం మూడేళ్ళలో. అంటే రోజుకి 240 తగ్గించి అలాగే ఉండగలిగితే ఏడాదికి ఐదు కిలోలు, మూడేళ్ళకి పది. నూనె సగం చేసి, జీడిపప్పు డబ్బా పైకెక్కించి, టీలో పంచదార తగ్గిస్తే ఆ 240 అన్నం ముట్టుకోకుండానే వస్తుంది. ఇంకోటి వినండి. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద చేసి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 74 నుంచి 69కి అంటే మీరు ఇప్పటికే ఆ 7 శాతం దగ్గరికి చేరారు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను, మీరు సాధించింది చాలా పెద్దది.

కాబట్టి వచ్చే నాలుగు వారాలు బరువు తగ్గాలని కాకుండా 69లో నిలబడాలని పెట్టుకోండి. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే మిషన్ మీద చూసుకుని రాసుకోండి. ఏ రోజుకారోజు అంకె చూసి టెన్షన్ పడొద్దు. నెలసరి ముందు, ఆవకాయో ఎండుచేపో తిన్న మర్నాడు కిలో వరకు పెరిగినట్టు కనిపించడం మామూలే, అది నీళ్ళు. వారానికొకసారి ఏడు అంకెలూ కలిపి సరాసరి తీయండి, దాన్నే బరువు అనుకోండి. రాత్రి నిద్ర ఆరు గంటల కంటే తక్కువైతే ముందు దాన్ని సరిచేసుకోండి, నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి దంచేస్తుంది. నెలసరి తప్పుతున్నా, జుట్టు బాగా రాలుతున్నా, కాళ్ళు వాచినా, ఏమీ చేయకుండానే బరువు పడిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోండి.

మీ అత్తగారికి ఈ నూనె పాకెట్టు లెక్క చూపించండి. వంటింట్లో ఆవిడ చెయ్యి కూడా ఉంటుంది కాబట్టి ఆవిడ సాయం మీకు కావాలి. క్రియాటినిన్ రిపోర్టు, నాలుగు వారాల సరాసరి బరువులు, నడుము కొలత, నూనె పాకెట్టు మీద వేసిన రెండు తేదీలు రాసి పంపండి. అవి చూసి రాత్రి భోజనం ఎలా మార్చాలో, అన్నం పెంచాలో తగ్గించాలో చెబుతాను.